ఇల్లు చేరిన పాట, చేరలేని పాట: కంట్రీ, బ్లూగ్రాస్ క్రిస్మస్ సంగీతంలో ఏముంది?

2023 డిసెంబర్‌లో అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలో ఒక పాత క్రిస్మస్ పాట మొదటి స్థానానికి ఎక్కింది. పాట పేరు 'రాకిన్ అరౌండ్ ద క్రిస్మస్ ట్రీ'. పాడిన బ్రెండా లీకి అప్పటికి 78 ఏళ్లు. ఆ పాటను ఆమె నాష్‌విల్‌లో రికార్డు చేసింది 1958లో, 13 ఏళ్ల పిల్లగా. అమెరికా దక్షిణాది పల్లెల్లో మొదలైన కంట్రీ సంగీతానికి రాజధాని లాంటి ఊళ్లో తయారైంది కాబట్టి, బ్రెండా లీ కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉంది కాబట్టి దీన్ని కంట్రీ క్రిస్మస్ పాటల్లో కలిపేస్తారు. వింటే మాత్రం సాక్సోఫోన్, ఎలక్ట్రిక్ గిటార్‌తో పక్కా రాక్ అండ్ రోల్. రాసిన జానీ మార్క్స్ న్యూయార్క్ మనిషి. మరి ఇది కంట్రీ పాటేనా?

ఏ మ్యూజిక్ యాప్‌లో అయినా 'కంట్రీ క్రిస్మస్' అని వెతికి చూడండి, ఇలాంటివే కలగాపులగంగా వస్తాయి. ఒక పాటలో సాక్సోఫోన్ ఉంటుంది. తర్వాతి పాటలో బాంజో అనే తీగవాద్యం ఊపిరాడనివ్వదు. ఆ తర్వాత ఫ్యాక్టరీలో పని పోయిన తండ్రి గొంతు, వెంటనే బేత్లెహేము నక్షత్రం. అన్నిటికీ ఒకటే లేబుల్. నిజానికి ఇందులో మూడు పాయలున్నాయి. అపలాచియన్ కొండల్లోని పాత పండగ పాటలు ఒకటి, బాంజో, ఫిడేలు, మాండొలిన్‌లతో 1945 తర్వాత రూపం దిద్దుకున్న బ్లూగ్రాస్ రెండోది, నాష్‌విల్ స్టూడియోల కంట్రీ మూడోది. ఈ మూడింటినీ కలిపే దారం వాద్యాల్లోనో యాసలోనో లేదని నా నమ్మకం. పండగ పూట ఇంట్లో ఎవరున్నారు, ఎవరు లేరు అన్న ప్రశ్న దగ్గర ఇవి కలుస్తాయి. ఆ ప్రశ్న పట్టుకుని వింటే ఏ పాట ఎక్కడిదో చాలా మటుకు తెలిసిపోతుంది.

జనవరిలో వచ్చే క్రిస్మస్

ముందు కొండల్లోకి వెళ్దాం. కెంటకీ, టెనెసీ, వర్జీనియా, నార్త్ కరోలినా రాష్ట్రాల మీదుగా సాగే అపలాచియన్ పర్వతాల్లో 18వ శతాబ్దంలో స్థిరపడిన తెల్లవాళ్లలో చాలామంది ఉత్తర ఐర్లాండ్, స్కాట్లాండ్, ఇంగ్లండ్‌ల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లలో ప్రెస్బిటేరియన్ అనే ప్రొటెస్టెంట్ శాఖవాళ్లు ఎక్కువ. క్రిస్మస్ బైబిల్ చెప్పిన పండగ కాదని దాన్ని పక్కన పెట్టిన సంప్రదాయం వాళ్లది. ఉత్తరాన మసాచుసెట్స్‌లో ప్యూరిటన్లు ఇంకా ముందుకెళ్లి, 1659 నుంచి 1681 దాకా క్రిస్మస్ జరుపుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా పెట్టారు. కాబట్టి కొండల్లో క్రిస్మస్ అంటే చర్చిలో కొవ్వొత్తుల ఆరాధన కంటే, అర్ధరాత్రి గాల్లోకి తుపాకులు పేల్చడం, ఇరుగుపొరుగు ఒకచోట చేరి ఫిడేలుకు డ్యాన్స్ చేయడమే ఎక్కువ. అక్కడి పాత క్రిస్మస్ సంగీతంలో ఇన్ని డ్యాన్స్ వరసలు ఉండటానికి ఇదొక కారణం.

పండగ తేదీ దగ్గర ఇంకో చిక్కు ఉంది. 1752లో బ్రిటన్, దాని వలసలు పాత జూలియన్ క్యాలెండర్ వదిలేసి గ్రెగోరియన్‌కు మారాయి. సెప్టెంబర్ 2 తర్వాత నేరుగా 14 వచ్చింది. పదకొండు రోజులు మాయం. పంచాంగకర్తల మధ్య మాట తేడా వచ్చి పండగ రెండు రోజుల్లో పడితే ఏం జరుగుతుందో మనకు తెలియనిది కాదు, అక్కడా అదే జరిగింది. కొత్త డిసెంబర్ 25 ప్రభుత్వం పెట్టిన తేదీ, అసలు క్రిస్మస్ జనవరిలోనే అని కొన్ని కుటుంబాలు పట్టుబట్టాయి. 1800 తర్వాత రెండు క్యాలెండర్ల మధ్య తేడా పన్నెండు రోజులకు పెరిగి, 'ఓల్డ్ క్రిస్మస్' జనవరి 6కు స్థిరపడింది. ఆ ముందు రాత్రి పశువులు మోకాళ్ల మీద వంగుతాయని, మాట్లాడతాయని కొండల్లో 20వ శతాబ్దం దాకా చెప్పుకునేవారు.

అక్కడి పాటలోనూ ఈ తేదీ ఉంది. 'చెర్రీ ట్రీ కరోల్' ఇంగ్లండ్ నుంచి వచ్చిన చాలా పాత గాథాగీతం. గర్భవతి అయిన మరియ చెర్రీ పండ్లు కోసిపెట్టమని అడుగుతుంది. అనుమానంతో రగులుతున్న యోసేపు, ఆ బిడ్డ తండ్రినే కోసివ్వమను అంటాడు. అప్పుడు కడుపులో ఉన్న బిడ్డ మాట్లాడతాడు, చెట్టు కొమ్మ మరియ చేతికి అందేలా వంగుతుంది. ఇంగ్లండ్ జానపద గీతాల సేకర్త సెసిల్ షార్ప్ 1917లో కెంటకీలో ఈ పాట విన్నాడు. అపలాచియన్ పాఠాల్లో తర్వాత ఇంకో చరణం వస్తుంది. నీ పుట్టినరోజు ఎప్పుడు అని యోసేపు అడిగితే, కడుపులోని బిడ్డ చెప్పే జవాబు డిసెంబర్ 25 కాదు, జనవరి తొలి వారంలో ఒక రోజు. ఒక క్యాలెండర్ తగాదా మొత్తం ఆ ఒక్క చరణంలో దాక్కుని సముద్రం దాటి కొండలెక్కింది. ఈ పాట వినాలంటే నేను ముందు చెప్పే పేరు కెంటకీలోని వైపర్ అనే ఊరి గాయని జీన్ రిచీ.

డిసెంబర్ 25కీ జనవరి 6కీ మధ్య రోజులను కూడా వాళ్లు ఊరికే పోనివ్వలేదు. నార్త్ కరోలినా, వర్జీనియా సరిహద్దులో రౌండ్ పీక్ చుట్టుపక్కల ఆ రోజుల్లో ఒక ఇంటి తర్వాత ఒక ఇంట్లో రాత్రంతా డ్యాన్సులు జరిగేవి. గదిలో సామాను బయటపెట్టి చోటు చేసేవారు, ఫిడేలు, బాంజో ఉంటే చాలు. ఆ వేడుక పేరే పాటకీ ఉంది: 'బ్రేకింగ్ అప్ క్రిస్మస్'. ఫిడేలు వాదకుడు టామీ జారెల్ (1901–1985) వాయించిన రికార్డింగులు వింటే, తీగలను మామూలు శ్రుతిలో కాకుండా రెండు జతలుగా మార్చి బిగించడం వల్ల వాయించని తీగ కూడా వెనక మోగుతూనే ఉండటం గమనించవచ్చు. డిసెంబర్ రాత్రుల్లో ఇంటింటికీ తిరిగి పాడే మన కోస్తా ఊళ్ల క్యారల్స్ బృందాలకు ఈ తిరుగుడు కొత్తగా అనిపించదు, భక్తి పాలు అక్కడ కాస్త తక్కువ అంతే.

ఈ పాయలో అందరూ ఇంట్లోనే ఉన్నారు. లేనివాళ్ల గురించి బెంగ ఇంకా మొదలు కాలేదు.

పాతదిలా వినిపించే కొత్త సంగీతం

బ్లూగ్రాస్ వినగానే చాలామంది ఇది రెండు మూడు వందల ఏళ్ల నాటి జానపదం అనుకుంటారు. దాని వయసు రేడియో కంటే తక్కువ. కెంటకీలోని రోజీన్‌లో 1911లో పుట్టిన బిల్ మన్రో, తన రాష్ట్రానికి ఉన్న ముద్దుపేరుతో 'బ్లూ గ్రాస్ బాయ్స్' అనే బృందం కట్టి, 1939లో నాష్‌విల్ రేడియో కార్యక్రమం గ్రాండ్ ఓల్ ఆప్రీలో చేరాడు. 1945 డిసెంబర్‌లో ఎర్ల్ స్క్రగ్స్ అనే కుర్రాడు ఆ బృందంలోకి వచ్చి, బాంజోను మూడు వేళ్లతో, తెగని ధారలా వాయించాడు. ఈ రోజు మనం బ్లూగ్రాస్ అంటున్న ధ్వని అప్పటికి గానీ పూర్తి కాలేదు.

వినడానికి కొన్ని ఆనవాళ్లు చెప్తాను. డ్రమ్స్ సాధారణంగా ఉండవు. ఆ పని మాండొలిన్ చేస్తుంది, ప్రతి తాళంలో బలహీనమైన దెబ్బ మీద తీగలను టక్కున కొట్టి వెంటనే చేత్తో నొక్కేస్తుంది. కింద డబుల్ బేస్, పక్కన గిటార్, పైన ఫిడేలు, బాంజో. ఒక్కో వాద్యం వంతులవారీగా ముందుకొచ్చి తన మాట చెప్పి వెనక్కి వెళ్తుంది. అసలు గొంతుకు పైన ఇంకో సన్నని, పదునైన గొంతు కలుస్తుంది, దాంట్లో ఎప్పుడూ ఏదో ఒంటరితనం. మాండొలిన్ అనగానే మన చెవిలో పాలకొల్లు బిడ్డ యు. శ్రీనివాస్ మోగుతాడు. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకాలు పలికిస్తే, మన్రో 1923 నాటి గిబ్సన్ ఎఫ్-5 మీద తాళమే నడిపించాడు. అదే జాతి వాద్యం ఇంత దూరం రెండు దారుల్లో వెళ్లడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

ఈ సంగీతం తెల్లవాళ్ల సొత్తు మాత్రమే అనుకోవడం కూడా పొరపాటు. బాంజో పూర్వీకులు పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులతో వచ్చాయి. మన్రో కుర్రతనంలో విని నేర్చుకున్నవాళ్లలో ఆర్నల్డ్ షుల్ట్జ్ అనే నల్లజాతి గిటారిస్టు ఒకరు. బ్లూగ్రాస్ బృందాలు క్రిస్మస్‌కు తప్పక పాడే 'గో టెల్ ఇట్ ఆన్ ద మౌంటెన్' కూడా నల్లజాతివారి ఆధ్యాత్మిక గీతమే. దాన్ని సేకరించి ప్రచారంలోకి తెచ్చింది నాష్‌విల్‌లోనే ఉన్న ఫిస్క్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ వెస్లీ వర్క్.

మన్రో జీవితంలో ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. పదేళ్ల వయసులో తల్లి పోయింది, పదహారేళ్లకు తండ్రి. ఆ తర్వాత పొలాలు వదిలి అన్నల వెంట షికాగో దగ్గరి ఇండియానా రాష్ట్రానికి వెళ్లి చమురు శుద్ధి కర్మాగారంలో పని చేశాడు. కొండల ఇంటి గురించి ఇంత గట్టిగా పాడిన మనిషి, ఆ ఇల్లు లేకుండా పోయాక ఫ్యాక్టరీ గోడల పక్కన పెద్దవాడయ్యాడు. అతనొక్కడే కాదు. 20వ శతాబ్దం మధ్యలో లక్షల మంది దక్షిణాది తెల్లవాళ్లు డెట్రాయిట్, సిన్సినాటి, డేటన్ ఫ్యాక్టరీలకు తరలిపోయారు. తూర్పు కెంటకీ నుంచి ఉత్తరానికి పోయే రూట్ 23 వాళ్ల దారి. వారాంతం వస్తే, పండగ వస్తే అదే రోడ్డు మీద దక్షిణానికి కార్లు బారులు తీరేవి. బ్లూగ్రాస్‌కు ప్రాణం పోసిన శ్రోతల్లో వీళ్లది పెద్ద వాటా. వీళ్లకు కావలసిన క్రిస్మస్ పాట ఇంటికి చేరే పాట.

ఆ పాట 1951లో వచ్చింది. డెక్కా కంపెనీకి మన్రో పాడిన 'క్రిస్మస్ టైమ్స్ ఎ-కమిన్'. గంటలు మోగుతున్నాయి, మంచు పడుతోంది, పాత ఇల్లు పిలుస్తోంది, ఇంటివాళ్ల దగ్గరికి వెళ్లాలి. పాటలో ఉన్నది ఇంతే. రాగంలో కొంచెం దిగులు ఉన్నా, వేగం దాన్ని ముందుకు తోసేస్తుంది. బ్లూగ్రాస్ క్రిస్మస్ పాట అంటే నేటికీ అందరికీ మొదట గుర్తొచ్చేది ఇదే.

దాన్ని రాసిందెవరో తెలిస్తే ఈ 'పాత' సంగీతం గురించి మన ఊహలన్నీ మారిపోతాయి. టెక్స్ లోగన్ టెక్సస్ మనిషి, గొప్ప ఫిడేలు వాదకుడు. అసలు ఉద్యోగం ఎలక్ట్రికల్ ఇంజినీర్. ఎంఐటీలో చదివాడు, కొలంబియా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేశాడు, బెల్ ల్యాబ్స్‌లో పనిచేశాడు. 1961లో మాన్‌ఫ్రెడ్ ష్రోడర్‌తో కలిసి కృత్రిమ ప్రతిధ్వని మీద ఒక పరిశోధనా పత్రం వెలువరించాడు. పెద్ద హాల్లో పాడినట్టు గొంతు చుట్టూ పరుచుకునే ఆ గుంయ్‌మనే ధ్వనిని యంత్రంతో, గొంతు స్వభావం చెడకుండా ఎలా పుట్టించాలన్నది దాని విషయం. డిజిటల్ రివర్బ్‌కు పునాదులు అక్కడ పడ్డాయి. కొండ మీది ఇంటికి పిలిచే పాట రాసిన చేతులు, స్టూడియోల్లో పాటలన్నిటికీ పూసే రివర్బ్ వెనకా ఉన్నాయి.

నాకు ఇందులో వైరుధ్యం కనపడదు. చదువు కోసం, ఉద్యోగం కోసం వేల మైళ్లు వెళ్లినవాడే ఇంటి మీద అలాంటి పాట రాయగలడు. డాలస్‌లోనో షార్లెట్‌లోనో కంప్యూటర్ ముందు కూర్చుని సంక్రాంతికి టికెట్లు చూసుకునే మనవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

వెళ్లలేనివాళ్ల పాటలు

ఇక కంట్రీ. బ్లూగ్రాస్ పాటలోని మనిషి దారిలో ఉంటాడు. కంట్రీ పాటలోని మనిషి చాలాసార్లు కదలలేడు. మిగతా ప్రపంచం క్రిస్మస్ అంటే ఆనందం అని పాడుతుంటే, కంట్రీ ఇంత దుఃఖం ఎందుకు పాడుతుందన్న ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది.

'బ్లూ క్రిస్మస్' అందరికీ ఎల్విస్ ప్రెస్లీ 1957 ఆల్బమ్ పాటగా తెలుసు. అంతకంటే ముందే టెక్సస్ గాయకుడు ఎర్నెస్ట్ టబ్ దాన్ని కంట్రీ హిట్ చేశాడు. విషయం చిన్నది, ప్రేమించిన మనిషి పక్కన లేదు. పండగ ఆ లోటును పెద్దది చేస్తుంది. విల్లీ నెల్సన్ 1963లో రాసిన 'ప్రెటీ పేపర్' ఇంకో అడుగు వేసింది. టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో ఒక పెద్ద దుకాణం ముందు, నేల మీద కూర్చుని కాగితాలు, పెన్సిళ్లు అమ్మే ఒక వికలాంగుడి జ్ఞాపకం నుంచి ఆ పాట పుట్టింది. జనం కొన్న బహుమతులు చంకన పెట్టుకుని అతన్ని దాటిపోతుంటారు. రాయ్ ఆర్బిసన్ పాడిన ఆ పాటలో తప్పు చేసినవాళ్లెవరూ లేరు, ఆగినవాళ్లూ లేరు.

నా లెక్కలో వీటన్నిటికీ శిఖరం మెర్ల్ హాగర్డ్ 1973 పాట 'ఇఫ్ వుయ్ మేక్ ఇట్ త్రూ డిసెంబర్'. ఫ్యాక్టరీలో పని పోయిన తండ్రి. క్రిస్మస్‌కు కూతురికి ఏమీ కొనలేడు, ఎందుకో ఆ పిల్లకు అర్థం కాదు. ఈ ఒక్క నెల గడిస్తే చాలు, ఏదైనా వెచ్చని ఊరికి, బహుశా కాలిఫోర్నియాకు పోదాం అనుకుంటాడు. హాగర్డ్ తల్లిదండ్రులు 1930ల కరువు కాలంలో ఓక్లహోమా నుంచి కాలిఫోర్నియాకు వలస వెళ్లినవాళ్లే. అతను పుట్టి పెరిగింది బేకర్స్‌ఫీల్డ్ పక్కన, ఇల్లుగా మార్చుకున్న పాత రైలు పెట్టెలో. కాబట్టి పాటలోని ఆ 'వెచ్చని ఊరు' ఎలా ఉంటుందో పాడేవాడికి బాగా తెలుసు. ఆ మాట నమ్మకంగానూ వినిపిస్తుంది, నమ్మనట్టుగానూ వినిపిస్తుంది. పాట వచ్చిన సమయం కూడా అలాంటిదే. 1973 అక్టోబర్‌లో అరబ్ దేశాల చమురు నిషేధం మొదలై, ఆ శీతాకాలం అమెరికా కుటుంబాలు పెట్రోలు కోసం, పని కోసం టెన్షన్ పడుతున్నాయి. పాట నాలుగు వారాలు కంట్రీ జాబితాలో మొదటి స్థానంలో ఉంది.

ఈ పాటల్లో చాలావాటికి ఏడుపు ధ్వని ఇచ్చేది స్టీల్ గిటార్. 19వ శతాబ్దం చివర హవాయిలో, తీగల మీద లోహపు కడ్డీ జార్చి వాయించే పద్ధతి పుట్టింది. అది అమెరికా ప్రధాన భూభాగానికి వచ్చి కంట్రీలో స్థిరపడింది. స్వరం నుంచి స్వరానికి గెంతకుండా జారిపోతుంది. మన గోటువాద్యం విన్న చెవికి ఆ జారుడు వెంటనే అందుతుంది. బ్లూగ్రాస్‌లో దానికి చుట్టం లాంటి డోబ్రో ఉంటుంది, అది ఇంత సుదీర్ఘంగా ఏడవదు.

పిల్లల పాటల సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకెళ్తాను. 1946లో హాలీవుడ్ ఊరేగింపులో గుర్రం మీద వెళ్తున్న కౌబాయ్ గాయకుడు జీన్ ఆట్రీ, రోడ్డు పక్కన పిల్లలు తన వెనక వస్తున్న శాంటాను చూసి కేకలు పెట్టడం విని 'హియర్ కమ్స్ శాంటా క్లాజ్' పాటకు ఊహ తెచ్చుకున్నాడు. 1949లో అతను పాడిన ఎర్రముక్కు దుప్పి పాట 'రుడాల్ఫ్' ఇంకా పెద్ద హిట్. రుడాల్ఫ్ కథ 1939లో మాంట్‌గమరీ వార్డ్ దుకాణాలు పంచిపెట్టిన చిన్న పుస్తకం కోసం రాబర్ట్ మే రాసింది. దాన్ని పాట చేసింది అతని సోదరి భర్త, మొదట్లో చెప్పిన జానీ మార్క్స్. ఇవి చక్కటి పాటలు, కానీ కంట్రీ అనే పేరు వీటికి గాయకుడి టోపీ వల్ల వచ్చింది.

నక్షత్రం పాట

భక్తి పాటలు లేకుండా ఈ లెక్క పూర్తి కాదు. అమెరికా దక్షిణాది ఊళ్లలో మామూలు పాశ్చాత్య స్వరలిపి చదవలేని జనానికి పాట నేర్పడానికి 'షేప్ నోట్' అనే పద్ధతి ఉండేది. స్వరాల తలలకు త్రికోణం, గుండ్రం, చతురస్రం, వజ్రం ఆకారాలు ఇస్తారు, ఆకారం చూసి స్వరం పలకొచ్చు. 1844లో జార్జియా నుంచి వచ్చిన 'సేక్రెడ్ హార్ప్' పుస్తకంతో నేటికీ జనం చతురస్రంగా కూర్చుని, శ్రోతలు లేకుండా తమ కోసమే పాడుకుంటారు. తర్వాతి తరాల్లో ఏడు ఆకారాల పద్ధతి, పాటల పుస్తకాలు అచ్చువేసే సంస్థలు వచ్చాయి. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ప్రతి పాట తలమీద రాగం, తాళం పేర్లు ఉండటం వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే, చేతిలో పుస్తకం ఉన్నవాళ్లందరూ పాడగలగాలి.

అలాంటి వాతావరణంలో పుట్టింది 'బ్యూటిఫుల్ స్టార్ ఆఫ్ బెత్లెహెమ్'. టెనెసీలో ఆర్. ఫిషర్ బోయ్స్ 1938లో దీన్ని రాశాడు. ఇంట్లో సందడిగా ఉందని పాడి పశువుల కొట్టంలోకి వెళ్లి రాసుకున్నాడట. వినగానే రెండు శతాబ్దాల కీర్తన అనిపిస్తుంది. మూడు నాలుగు గొంతులు దగ్గరగా కలిసి పాడేందుకే పుట్టిన వరస అది. వాద్యాలు తగ్గించి గొంతులకు చోటిచ్చే బ్లూగ్రాస్ గాస్పెల్ పద్ధతికి సరిగ్గా అతుకుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి

మూడు పాయలూ ఒకేచోట వినాలంటే కంట్రీ గాయని ఎమీలూ హారిస్ 1979 ఆల్బమ్ 'లైట్ ఆఫ్ ద స్టేబుల్' తీసుకోండి. టెక్స్ లోగన్ పాట, ఫిషర్ బోయ్స్ నక్షత్రం, పాత చర్చి కీర్తనలు పక్కపక్కనే ఉంటాయి. ఆల్బమ్‌కు పేరిచ్చిన పాటలో వెనక గొంతులు డాలీ పార్టన్, లిండా రాన్‌స్టాట్, నీల్ యంగ్. శబ్దం పెంచకుండా, ఒక్కో గొంతు ఎక్కడ చేరుతుందో పట్టుకుంటూ వినండి. తర్వాత మన్రో 1951 రికార్డు, ఆ వెంటనే హాగర్డ్ 1973 పాట. ఈ రెంటినీ వరసగా వింటే ఇల్లు చేరేవాడికీ చేరలేనివాడికీ తేడా లయలోనే తెలుస్తుంది.

చివరగా కంట్రీ గాయని పాటీ లవ్‌లెస్ 2002 ఆల్బమ్ 'బ్లూగ్రాస్ అండ్ వైట్ స్నో'. ఆమె రూట్ 23 మీదే ఉన్న కెంటకీ పట్టణం పైక్‌విల్‌లో, బొగ్గు గని కార్మికుడి ఇంట పుట్టింది. తండ్రి నల్ల ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఆల్బమ్‌లో 'శాంటా ట్రెయిన్' అనే పాట ఉంది. ఆ రైలు నిజంగానే నడుస్తుంది. 1943 నుంచి ఏటా నవంబర్‌లో, పైక్‌విల్ దగ్గర బయలుదేరి బొగ్గు గనుల లోయల గుండా టెనెసీలోని కింగ్స్‌పోర్ట్ దాకా సుమారు 110 మైళ్లు వెళ్తుంది, పట్టాల పక్కన నిలబడ్డ పిల్లలకు బహుమతులు పంచుతూ. మొదట్లో దాన్ని నడిపించింది కింగ్స్‌పోర్ట్ వర్తకులు, కొండల నుంచి వచ్చి తమ దగ్గర సరుకులు కొనే కుటుంబాలకు కృతజ్ఞతగా. ఈ పాటలో మనుషులు ఇంటికి ప్రయాణం కట్టరు, పండగే రైలెక్కి వాళ్ల ఊరికి వస్తుంది.